భారత్, బ్రెజిల్ గినీ అంకెలు పక్కపక్కన పెట్టొచ్చా?

ప్రశ్న (అమలాపురం): గినీ అంటే జనం మధ్య ఆర్థిక తేడాలు కొలిచే అంకె (0 అయితే అందరూ సమానం, 100 అయితే అంతా ఒక్కరికే). 2010ల్లో బ్రెజిల్ గినీ 52–53 దగ్గర, 2011–12లో మనది 36 దగ్గర. అంటే మన దగ్గరే తేడాలు తక్కువ కదండీ?

జవాబు (భీమవరం): తొందరపడకండి. మనది ఇంటి ఖర్చు మీద వేసిన లెక్క, వాళ్ళది ఆదాయం మీద. ఉన్నవాళ్ళు సంపాదనలో చాలా దాచుకుంటారు, అందుకే ఖర్చు గినీ తక్కువ చూపిస్తుంది. పైగా 2022–23 ఇంటి ఖర్చు సర్వేలో ప్రశ్నావళి మార్చి, ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్ళారు. ఆ అంకెని 2011–12 అంకెతో కలిపి ఒకే గీత గీసేయకండి. పై 10 శాతం మంది వాటాను కింది 40 శాతం మంది వాటాతో భాగించి కూడా చూడండి.

జవాబు (తణుకు): మన డెల్టాలో భూమి తేడాలు లెక్కేయాలంటే అసలు చిక్కు కౌలు. పాస్‌బుక్ ఒకరిది, చేను చేసేది ఇంకొకరు. సాగు విస్తీర్ణం పట్టుకుంటే తేడా తగ్గినట్టుంటుంది. కౌలు బస్తాలు కొలిచేశాక రైతుకి మిగిలింది లెక్కేయండి, అప్పుడు తెలుస్తుంది.

జవాబు (రాజోలు): సామాజిక తేడాకి బ్రెజిల్ జనగణనలో ఒంటి రంగు లేదా జాతి అడిగే గడి ఉంది. మన 2011 జనగణనలో ఎస్సీ, ఎస్టీలే విడిగా దొరుకుతారు, బీసీలు దొరకరు.