తోఫాలోస్ 142.4 కిలోలను ఇప్పటి క్లీన్ అండ్ జెర్క్‌తో పోల్చొచ్చా?

ప్రశ్న (గుంటూరు): 1906 ఏథెన్స్ క్రీడల్లో గ్రీకు వెయిట్‌లిఫ్టర్ దిమిత్రియోస్ తోఫాలోస్ రెండు చేతులతో 142.4 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచాడు. మన స్టువర్టుపురం వెయిట్‌లిఫ్టర్ రాహుల్ 2018 కామన్వెల్త్‌లో 85 కిలోల విభాగంలోనే క్లీన్ అండ్ జెర్క్‌లో 187 కిలోలు ఎత్తాడు కదా. తోఫాలోస్‌ని అంత గొప్పగా ఎందుకు చెబుతారండీ?

బెజవాడ నుంచి: నేరుగా పోల్చకండి. ఇప్పటి క్లీన్ అండ్ జెర్క్‌లో బార్ ఒక్క ఊపులో భుజాల మీదికి రావాలి, అక్కణ్ణుంచి తల పైకి తోయాలి. అప్పట్లో కాంటినెంటల్ పద్ధతి ఉండేది: ముందు పొట్ట దాకా లాగి ఆపుకోవడం, పట్టు సర్దుకోవడం, ఛాతీకి తెచ్చి పైకి తోయడం. తేలికనుకోకండి, బరువు ఆగిన ప్రతిచోటా నడుం వెనక్కి వంగి వెన్ను మీద పడుతుంది. పైగా తిరిగే స్లీవ్ (బరువు పళ్లేలు తగిలించే చివరి గొట్టం) ఉన్న బార్లు తర్వాత వచ్చినవి. స్లీవ్ తిరక్కపోతే భారమంతా మణికట్టును మెలిపెడుతుంది. బరువు విభాగాలూ లేవు. రెండో స్థానం ఆస్ట్రియా లిఫ్టర్ స్టైన్‌బాఖ్‌ది, 136.5 కిలోలు.

ఇంకో జవాబు: తోఫాలోస్ కుస్తీ జీవితం కూడా చూడండన్నా. అమెరికా వెళ్లి ప్రొఫెషనల్ మల్లుడయ్యాడు, తర్వాత పేరున్న మల్లుడు జిమ్ లోండోస్‌కి శిక్షణిచ్చాడు. నా లెక్కన అదే పెద్ద పని. సొంతూరు పాట్రాస్‌లో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

గుంటూరు: కాంటినెంటల్ మా కుర్రాళ్లతో చేయించొచ్చా?

బెజవాడ: ఖాళీ బార్‌తో మొదలెట్టండి. వెడల్పాటి బెల్టు తప్పనిసరి. నడుం మరీ వెనక్కి వంగిందంటే అక్కడే దించేయమనండి.