ప్రింట్ నుంచి వచ్చిన డిజైనర్లకు సీఎస్ఎస్ ఎలా నేర్పాలి?

మాదాపూర్_ఫ్రంటెండ్:
మా టీమ్‌లో ఇద్దరు గ్రాఫిక్ డిజైనర్లున్నారు, చిక్కడపల్లిలో పెళ్లి కార్డులు, బ్రోచర్లు చేసి వచ్చినవాళ్లు. రంగుల విషయంలో నాకంటే వంద రెట్లు నయం. కానీ సీఎస్ఎస్ (వెబ్ పేజీ ఎలా కనపడాలో చెప్పే కోడ్) రాయమంటే ప్రతి డబ్బాకీ పొజిషన్ అబ్సల్యూట్ (ఇక్కడే ఉండు అని చోటు బిగించేయడం), వెడల్పు పిక్సెల్స్‌లో. ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంటుంది, ఫోన్‌లో తెరిస్తే బటన్ మీద బటన్. ఏదైనా రూల్ మాట వినకపోతే, మిగతా రూల్స్‌ని తొక్కేసేలా దానికి ఇంపార్టెంట్ (!important) తగిలించేస్తారు. అమీర్‌పేటలో కోర్సులో చేర్పించాలా, మనమే నేర్పాలా?

డీటీపీ_బ్యాచ్:
కోర్సు వద్దన్నా, అక్కడ సీఎస్ఎస్ రెండు క్లాసుల్లో ముగించి జావాస్క్రిప్ట్ మీద పడతారు. ఇన్‌డిజైన్ (పుస్తకాల పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) వస్తే సగం పని అయిపోయినట్టే. పేరాగ్రాఫ్ స్టైల్ ఒకచోట మారిస్తే పుస్తకమంతా మారుతుంది కదా, సీఎస్ఎస్‌లో క్లాస్ అనే పేరు చేసేదీ అదే. కాకపోతే ఇక్కడ ఫాంటు, రంగు లాంటివి బయటి ఎలిమెంట్ నుంచి లోపలిదానికి వాటంతటవే దిగుతాయి, మార్జిన్ దిగదు. అసలు చిక్కు కాగితం సైజు లేకపోవడం. ఏ4లో ఎత్తు ముందే తెలుసు, బ్రౌజర్‌లో లోపలున్న మ్యాటర్‌ని బట్టి ఎత్తు వస్తుంది, అందుకని కొన్నాళ్లు హైట్ అనేదే రాయనివ్వకు. గ్రిడ్ (పేజీని అడ్డం, నిలువు గళ్లుగా విడగొట్టే సీఎస్ఎస్ పద్ధతి) 2017 నుంచే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ అన్నిట్లో ఉంది, దాంతోనే మొదలెట్టించు, కాలమ్స్ అలవాటున్నోళ్లు కాబట్టి తొందరగా పడుతుంది. ఇంపార్టెంట్ జబ్బుకి మందు బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కితే వచ్చే డెవలపర్ టూల్స్. ఏ రూల్ కొట్టేసి ఉందో, దాన్ని ఏది ఓడించిందో కళ్లెదుటే కనిపిస్తుంది. ఐడీలకి (పేజీలో ఒక్క ఎలిమెంట్‌కే పెట్టే పేర్లు) స్టైల్ ఇవ్వడం మాన్పించు, సగం గొడవలు అక్కడే.

అక్షరాల_పిచ్చి:
నేనూ డిజైనర్‌నే. మీ డెవలపర్లు లోరెమ్ ఇప్సమ్ (ఖాళీ నింపడానికి వాడే లాటిన్ మ్యాటర్) పెట్టి టెస్ట్ చేస్తారు చూడండి, అది ముందు ఆపండి. ఇంగ్లిష్‌కి సరిపోయిన లైన్ హైట్ తెలుగుకి పెడితే పై లైను వత్తులు కింది లైను గుడులకి తగులుతాయి, నేనైతే 1.7 దాకా వెళ్తా. యూనిట్ లేకుండా ఉత్త అంకె ఇస్తే ఫాంటు పెరిగినప్పుడు అదీ పెరుగుతుంది. పాత అను ఫాంట్ల మ్యాటర్ పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, ముందు యూనికోడ్‌లోకి (అన్ని బ్రౌజర్లూ చదివే అక్షరాల పద్ధతి) మార్చుకోవాలి. అది బద్ధకమనిపించి ఇమేజ్‌గా పెట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది, అందులో అక్షరాలు స్క్రీన్ రీడర్‌కి (చూపు లేనివాళ్లకి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కనపడవు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర ఉచితమే, రామభద్ర హెడింగులకే వాడండి. ఇంకొకటి, లేత బూడిద రంగు అక్షరాలు ఎంత ముచ్చటగా ఉన్నా మామూలు సైజులో వెనక రంగుతో కాంట్రాస్ట్ 4.5:1 కంటే తగ్గకూడదు.

మాదాపూర్_ఫ్రంటెండ్:
థాంక్స్ ఇద్దరికీ. మావాళ్లకి ఇన్‌డిజైన్ రాదు, కోరెల్‌డ్రా ఒక్కటే. మరి అప్పుడు?

డీటీపీ_బ్యాచ్:
కోరెల్‌లోనూ ఆబ్జెక్ట్ స్టైల్స్ ఉన్నాయన్నా, ఎవరూ వాడరంతే. రేపు అవి తెరిపించు.