బాబుకు నిజంగా ఏది ఇష్టమో తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: తొమ్మిదేళ్ల మా బాబుకు ఆటిజం ఉంది, మాటలు రావు. పని పూర్తిచేసినప్పుడు ఇచ్చే చాక్లెట్‌ను ఈమధ్య పక్కన పెట్టేస్తున్నాడు. వాడికి ఏది ఇష్టమో ఎలా తెలుసుకోవాలండీ?

జవాబు 1: ఒక్కొక్క వస్తువునే చూపిస్తే పిల్లలు చాలావరకు అన్నింటినీ అందుకుంటారు కాబట్టి తేడా తెలియదు. 1992లో ఫిషర్ అనే పరిశోధకుడి బృందం ప్రచురించిన పద్ధతిలో వస్తువులను రెండేసి చొప్పున ముందుంచి, దేనిని ఎన్నిసార్లు ఎంచుకున్నాడో లెక్కిస్తారు. ప్రతిదాన్నీ మిగతా ప్రతిదానితో జతచేస్తే ఆరు వస్తువులకు 15 జతలవుతాయి. కుడి ఎడమలు మారుస్తూ ఉండండి, కొందరు ఎప్పుడూ ఒకే వైపు చెయ్యి చాపుతారు.

జవాబు 2: తినేవాటిని ఆటవస్తువులతో కలపకండి, తరచుగా తిండే గెలుస్తుంది. మా అమ్మాయికి ఖరీదైన బొమ్మలకంటే స్టీలు గిన్నె మూతను గిరగిరా తిప్పడమే ఇష్టమని అలా విడదీసి చూశాకే తెలిసింది.

జవాబు 3: ఎంచుకోవడం వేరు, దానికోసం పనిచేయడం వేరు. ఆ వస్తువు ఇచ్చిన రోజుల్లో పని పెరిగితేనే అది ప్రోత్సాహకం అవుతుంది. చాక్లెట్ విషయంలో బహుశా మొహం మొత్తి ఉంటుంది. కొన్నాళ్లు ఆపి చూడండి.