ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఫిబ్రవరిలో గుడారాలు వేయవచ్చా?

బరంపురం వాసి:
కొందరు మిత్రులం కలిసి ఫిబ్రవరి చివరి వారంలో ఒడిశాలోని ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, ఊళ్లకు దూరంగా ఉన్న ఇసుక మేటల మీద గుడారాలు వేసుకుని రెండు రాత్రులు గడపాలని అనుకుంటున్నాము. దుకాణాలు, దీపాలు, జనసందడి లేని తీరం మాకు కావాలి. చెత్త వదలము, తాబేళ్లు కనిపిస్తే దూరంగానే ఉంటాము. అయినా అది గుడ్లు పెట్టే కాలమనీ, అసలు వెళ్లకూడదనీ ఒక మిత్రుడు గట్టిగా అంటున్నాడు. జాగ్రత్తగా మసలుకునే పదిమంది వల్ల కలిగే హాని ఏమిటో తెలిసినవారు వివరించగోరుతున్నాను.

ఛత్రపురం మత్స్యకార కుటుంబీకుడు:
మీ మిత్రుడు చెప్పినదే సరైనదని నా అభిప్రాయం. మీ జాగ్రత్త మీద నాకు అనుమానం లేదు, కానీ ఆ ఇసుకలో గుడారం ఉండటమే హాని. ఇక్కడ ఆలివ్ రిడ్లే అనే జాతి సముద్రపు తాబేళ్లు సామూహికంగా గుడ్లు పెడతాయన్న సంగతి శాస్త్రవేత్తల దృష్టికి 1994లో వచ్చింది. పురునాబంధ, గోఖరకుద, పొడంపేట ఊళ్లవారు అంతకు ముందే దాన్ని ఎరుగుదురు. 2025 ఫిబ్రవరిలో సుమారు 7 లక్షల తాబేళ్లు వచ్చాయి. ఆ రాక ఏ రాత్రి మొదలవుతుందో ముందుగా ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. గుంపుగా వచ్చేవి కాక, విడివిడిగా వచ్చేవి అంతకు ముందూ తర్వాతా కూడా ఉంటాయి.

నీళ్లలోంచి అప్పుడే పైకి వచ్చిన తల్లి తాబేలు చాలా బెదురుగా ఉంటుంది. మనిషి కదిలినా, టార్చిలైటు వెలిగినా గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లిపోతుంది. గొయ్యి తవ్వి గుడ్లు విడవడం మొదలుపెట్టాక మాత్రం పక్కన ఎవరు నిలబడినా దాదాపు కదలదు. చూడవచ్చినవారికి కనిపించేది ఈ రెండో దశే కాబట్టి, తాము ఉండటం వల్ల దానికేమీ ఇబ్బంది లేదని నమ్మి వెళ్లిపోతారు; చీకట్లో తిరిగిపోయిన తాబేళ్లు వారి లెక్కలోకి రానే రావు.

ఒక్కొక్క తాబేలు సుమారు అడుగున్నర లోతున వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, సముద్రంలోకి పోతుంది. కొన్నాళ్లకు గాలి ఆ జాడను చెరిపేస్తే ఏ గూడు ఎక్కడుందో పైనుంచి తెలియదు. మేకులు దిగేదీ, కాళ్లు తొక్కేదీ, పొయ్యి రాజేసేదీ ఆ గూళ్ల మీదే కావచ్చు. మిగిలిన అన్నం, చేపముళ్లు పాతిపెట్టినా వాసనకు కుక్కలు వస్తాయి. వచ్చినవి అక్కడితో ఆగక గుడ్లను కూడా తవ్వి తింటాయి. చలిమంట కీడు మరో రెండు నెలలకు ఇంకా పెరుగుతుంది. సుమారు 45 నుంచి 60 రోజులకు బయటికి వచ్చే పిల్లలు వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కుకు పాకుతాయి, చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది కనుక అవి బతుకుతాయి. ఒడ్డున మంట వెలిగితే సముద్రాన్ని వదిలి దాని వైపు మళ్లుతాయి.

ఇంకొక మాట. ఈ తాబేళ్ల కోసమే నవంబరు 1 నుంచి మే 31 వరకు ఋషికుల్య ముఖద్వారం పరిధిలో, తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు మరపడవల వేటను నిషేధిస్తారు. బతుకుతెరువు కోసం వల వేసే కుటుంబాలు ఏడు నెలలు వెనక్కి తగ్గుతుండగా, విహారానికి వచ్చేవారు రెండు రాత్రులు మానుకోలేమనడం నాకు న్యాయంగా తోచదు.

పర్లాకిమిడి ఉపాధ్యాయుడు:
గుడ్ల గురించి ఛత్రపురం వారు చెప్పినదంతా ఒప్పుకుంటాను. అయితే ట్రాలర్ల (వలను ఈడ్చుకుంటూ పోయే పెద్ద మరపడవల) వలల్లో చిక్కి, ఊపిరాడక చనిపోయిన తాబేళ్లు ఏటా ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉన్నాయి. తాబేళ్లు తప్పించుకునే పరికరాన్ని వలకు అమర్చాలన్న నియమం ఉన్నా అమలు బలహీనం. రహదారి, పట్టణాల దీపాల వెలుగు రాత్రంతా తీరం మీద పడుతుంది. వీటిని వదిలి పదిమంది యువకులను ఆపడంతో సంతృప్తి చెందడం సరికాదు. పైగా ఆ దృశ్యాన్ని కళ్లారా చూసినవారిలోనే రేపు దాని కోసం మాట్లాడేవారు పుడతారు.

ఛత్రపురం మత్స్యకార కుటుంబీకుడు:
ఉపాధ్యాయుడు గారూ, ట్రాలర్ల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. చూడవద్దని నేను అనలేదు; కాపలా ఉండే స్థానిక యువకుల వెంట, అటవీ శాఖ వారు చెప్పిన హద్దులో నిలబడి, దీపం లేకుండా చూసి వెళ్లవచ్చు. అక్కడ వండుకుని పడుకోవడానికే నా అభ్యంతరం. ట్రాలర్ చేసే నష్టం పెద్దది కాబట్టి గుడారం చేసేది లెక్కలోకి రాదన్న వాదాన్ని మాత్రం అంగీకరించలేను.

పర్లాకిమిడి ఉపాధ్యాయుడు:
ఆ హద్దు ఎక్కడో, ఎవరిని అడగాలో ఒడియాతో పాటు తెలుగులో కూడా బోర్డు రాసి పెట్టేవరకు ఈ వివాదం ఏటా వస్తుందని నా భయం.

బరంపురం వాసి:
కుక్కల సంగతి నేను ఆలోచించనిది. ఋషికుల్య దగ్గర గుడారాల ఆలోచన మానుకుంటున్నాము. ఫిబ్రవరిలో అటవీ శాఖ అనుమతిస్తే ఒక సాయంత్రం వచ్చి చూసి, రాత్రికి బరంపురం తిరిగి వెళతాము. రాత్రి బసకు బాహుదా నది వైపు సోనాపూర్‌లో డిసెంబరు మొదట్లో వీలవుతుందేమో, అక్కడ కూడా గూళ్లుండే ఇసుక ఏదో స్థానికులను ముందుగా అడిగి నిర్ణయిస్తాము.