మోకాళ్ల అరుగుదలకు ఆక్యుపంక్చర్: సూది పడేముందు ఏం చూసుకోవాలి?

తిరుచానూరు రోడ్డు
అమ్మకు 61 ఏళ్లు. రెండు మోకాళ్లలోనూ అరుగుదల, ఎక్స్‌రేలో గ్రేడ్ 2 అని ఎముకల డాక్టరు చెప్పినారు. ఆపరేషన్ ఇప్పట్లో అక్కర్లేదంట. షుగరు ఉండాది, రక్తం పలచబరిచే ఎకోస్ప్రిన్ 75 మాత్ర రోజూ వేసుకుంటాది. తిరుపతిలో ఒకచోట ఆక్యుపంక్చర్ పది సిట్టింగులు చేయించుకోమంటా ఉండారు. దాంతోపాటు పేరు లేని డబ్బాలో ‘చైనా మూలికల’ మాత్రలు కూడా ఇస్తారంట. సూదులతో నిజంగా తగ్గుతుందా, షుగరుతో ప్రమాదమా, ఆ మాత్రలు వాడొచ్చా? తెలిసినోళ్లు చెప్పండి.

సూదిమొన
అరిగిన గుజ్జు తిరిగి రాదండీ. నొప్పి, బిగుసుకుపోవడం తగ్గొచ్చు. ఈ రెండూ వేరు. ‘గుజ్జు పెంచుతాం’ అనేవాళ్ల దగ్గర డబ్బు కట్టకండి.

చైనా వైద్యం లెక్కలో ఇది ‘బీ’ అనే జబ్బు: గాలి, చలి, తేమ కీలులో చేరి, ‘చీ’ అనే ప్రాణశక్తి, రక్తం సాగకుండా అడ్డుపడటం. అందుకే చదువుకున్న వైద్యుడు ముందు సూది తీయడు. నొప్పి చలికి పెరుగుతుందా, వేడికా అని అడుగుతాడు, నాలుక చూస్తాడు, రెండు మణికట్ల మీదా మూడేసి చోట్ల నాడి చూస్తాడు. మన ఆయుర్వేద నాడి పరీక్షలాగే కనిపిస్తుంది గానీ లెక్క వేరు.

మోకాలికి మామూలుగా వాడే బిందువులు ఇవి. మోకాలు కొంచెం మడిస్తే చిప్ప కింద అటూ ఇటూ రెండు గుంటలు పడతాయి, వాటిని మోకాలి కళ్లు అంటారు. బయటి గుంట నుంచి రోగి చేతి నాలుగు వేళ్లంత కిందికి, కాలి ముందెముక అంచుకు ఒక వేలెడు బయటికి వస్తే ‘జూసాన్లీ’. లోపలివైపు, అదే ఎముక పైభాగం వంపు తిరిగేచోట, గుంటలో ‘యిన్‌లింగ్‌చువాన్’. బయటివైపు సన్నెముక తలకు కాస్త ముందు, కింద ‘యాంగ్‌లింగ్‌చువాన్’. ఈ చివరిదాని దగ్గరే పాదానికి వెళ్లే నరం సన్నెముక మెడ చుట్టూ తిరుగుతుంది. పాదం దాకా కరెంటు కొట్టినట్టు అనిపిస్తే వెంటనే చెప్పాలి, సూది వెనక్కి లాగాలి. ‘అది పనిచేస్తున్నట్టు లెక్క’ అని సర్దిచెప్పేవాళ్లుంటారు, నమ్మొద్దు. రావలసింది బరువుగా, లాగినట్టు, మొద్దుబారినట్టు ఉండే అనుభూతి.

సూది 0.25 మి.మీ. మందం, 40 మి.మీ. పొడవు సరిపోతుంది. 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. వారానికి రెండు సిట్టింగులు. ఆరు సిట్టింగులకు ఏ మార్పూ లేకపోతే పదికి వెళ్లినా పెద్దగా ఒరిగేది ఉండదు. కాబట్టి పదికి డబ్బు ముందే కట్టకండి.

షుగరు సంగతి. మోకాలి కళ్ల దగ్గర సూది లోతుగా వెళ్తే కీలు పొరలోకి దిగుతుంది. అక్కడ సూక్ష్మజీవులు చేరితే కీలులో చీము పట్టొచ్చు, షుగరున్నవాళ్లలో ఆ ముప్పు ఎక్కువ. అందుకే సీలు మీ ఎదుటే చింపిన, ఒక్కసారికే వాడే సూది కావాలి. స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి గుచ్చాలి. వాడిన సూదులు సూది దూరని తెల్లడబ్బాలో పడాలి, చెత్తబుట్టలో కాదు. మోకాలు వాచి వేడిగా ఉన్నరోజు, చర్మం మీద పుండున్నచోట అసలు గుచ్చకూడదు.

ఎకోస్ప్రిన్ ఆపకండి. సూది తీశాక దూదితో రెండు నిమిషాలు నొక్కితే చాలు. రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్లయితే డాక్టరును అడగాలి.

టిఫిన్ తినే వెళ్లమనండి. షుగరు మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో పడుకుంటే కళ్లు తిరుగుతాయి. చెమట పట్టి మొహం పాలిపోతే సూదులన్నీ తీసేసి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు ఎత్తిపెట్టాలి. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. కండ బిగుసుకుని సూది ఇరుక్కుంటే గట్టిగా లాగకూడదు. చుట్టూ మెల్లగా నొక్కుతూ కాసేపు ఆగితే కండ వదులుతుంది.

చిత్తూరు ఫిజియో
బిందువుల సంగతి సరే. ‘నిజంగా తగ్గుతుందా’ అన్నదానికి జవాబు అంత తేలిగ్గా రాదు. 2018లో వచ్చిన విశ్లేషణ ఒకటి కీళ్ల అరుగుదలతోపాటు నడుం, మెడ, భుజం, తలనొప్పులు కూడా కలిసిన 39 క్లినికల్ పరీక్షలను, 20,827 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. ఏ సూదీ వేయనివాళ్లతో పోలిస్తే సూదులు వేయించుకున్నవాళ్లకు నొప్పి బాగానే తగ్గింది. ఉత్తుత్తి సూదితో, అంటే చర్మంలో దిగని మొండి సూదితోనో బిందువు కాని చోట గుచ్చినదానితోనో పోలిస్తే తేడా ఉంది గానీ చిన్నది. ఆ చిన్న తేడాను ఎలా తూకం వేయాలన్న దగ్గరే నిపుణులు విడిపోయారు. అమెరికా రుమటాలజీ కాలేజీ 2019లో మోకాలి అరుగుదలకు షరతులతో సిఫారసు చేసింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో దీనికి ఆక్యుపంక్చర్ ఇవ్వొద్దంది. అదే నైస్ మైగ్రేన్ రాకుండా ఉండటానికి మాత్రం పది సిట్టింగుల దాకా చూడొచ్చంటుంది. కాబట్టి ‘అంతా బూటకం’ అనేవాళ్లదీ, ‘అన్ని రోగాలకూ మందు’ అనేవాళ్లదీ ఒకే తప్పు.

మీరు చేయగలిగింది కొలవడం. మొదటి సిట్టింగుకు ముందు మూడు అంకెలు రాసిపెట్టండి: మెట్లు దిగేటప్పుడు నొప్పి పదికి ఎంత, చేతులు వాడకుండా 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరు, వారంలో ఎన్ని నొప్పి మాత్రలు పడ్డాయి. ఆరో సిట్టింగు తర్వాత మళ్లీ చూడండి. ‘కొంచెం తేలిగ్గా ఉంది’ అన్న మాట లెక్కలోకి రాదు.

సూదులతో నొప్పి తగ్గిన వారాల్లోనే తొడ కండకు పని చెప్పాలి, అదే అసలు లాభం. వెల్లకిలా పడుకుని మోకాలు మడవకుండా కాలు ఒక అడుగు ఎత్తి పది సెకన్లు ఆపాలి, పదిసార్లు, రోజుకు మూడు విడతలు. ఈ కసరత్తు లేకుండా సూదులే నమ్ముకుంటే నొప్పి తిరిగి రావడానికి ఎన్నాళ్లో పట్టదు.

మందుల చీటీ
ఆ మాత్రలు వాడొద్దు. సూదికీ మాత్రకూ ముడిపెట్టకండి.

పేరు లేని మూలికల మాత్రల్లో స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు లాంటివి కలిపిన కేసులు చాలా దేశాల్లో బయటపడ్డాయి. రెండురోజుల్లో నొప్పి మాయమై, ఆకలి పెరిగి, షుగరు ఎగబాకితే స్టెరాయిడ్ ఉందని అనుమానించండి. వారాల తరబడి వాడేసి ఉంటే హఠాత్తుగా మానేయకండి, డబ్బాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

స్వచ్ఛమైన మూలికైనా చిక్కే. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లోని ఒక బరువు తగ్గించే క్లినిక్‌లో ‘హాన్ ఫాంగ్‌జీ’ అనే మూలిక బదులు ‘గ్వాంగ్ ఫాంగ్‌జీ’ మందులో పడింది. పేర్లు దగ్గరగా ఉండటమే కారణం. రెండోది అరిస్టలోకియా జాతి మొక్క. ఎంతోమంది మహిళల కిడ్నీలు పాడయ్యాయి, కొందరికి మూత్రనాళాల్లో కేన్సర్ వచ్చింది. ఫాంగ్‌జీ కీళ్లనొప్పులకు వాడే మూలికే, అందుకే చెబుతున్నాను. మన గాడిదగడపాకు, ఈశ్వరి కూడా అదే జాతి, ‘మన ఊరి ఆకే కదా’ అని కషాయం కాచుకునేవాళ్లు గమనించాలి. ఇక చైనా మూలికల మిశ్రమాల్లో చాలావాటిలో అతిమధురం ఉంటుంది. ఎక్కువరోజులు వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది.

చైనా మూలికలన్నీ పనికిరానివని కాదు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ అక్కడి మొక్క నుంచే వచ్చింది, దానికి తూ యోయోకు 2015లో నోబెల్ ఇచ్చారు. కానీ అది శుద్ధిచేసి, మోతాదు తేల్చి, పరీక్షించిన మందు. మీకిస్తున్న డబ్బా మీద కనీసం పేరు కూడా లేదు.

తిరుచానూరు రోడ్డు
మాత్రలు వద్దని చెప్పేస్తా. ఇంకో రెండు మాటలు. అక్కడ మాచిపత్రి కాల్చి కాపడం పెడతామంటారు, అది పెట్టొచ్చా? అమ్మకు నడిచి కొండెక్కాలని మొక్కు ఉండాది, సిట్టింగుల మధ్యలో ఎక్కొచ్చా?

సూదిమొన
కాపడం అంటే మోక్సా. చైనాలో వాడేది మన వినాయకచవితి పత్రిలోని మాచిపత్రికి దగ్గరి చుట్టం. కాల్చిన కడ్డీని చర్మానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, ఎర్రబడేదాకా పది పదిహేను నిమిషాలు పడతారు. చలికి పెరిగే నొప్పికి వాడతారు. అమ్మగారికి మాత్రం ముందు పరీక్ష చేయండి: కళ్లు మూయించి, దూది చిన్న పీచుతో అరికాలు, పిక్క, మోకాలి చుట్టూ తాకించండి. ఎక్కడైనా తెలియకపోతే మోక్సా వద్దు. కాలినా తెలియదు, పుండు మానదు.

కొండ సంగతి: అలిపిరి దారి 3,550 మెట్లు, మధ్యలో చదును నడక దొరుకుతుంది. శ్రీవారిమెట్టు 2,388 మెట్లే గానీ నిటారు. ఈ మోకాళ్లకు అలిపిరే మేలు. సూదులు వేసిన రోజూ మర్నాడూ వద్దు. నొప్పి తగ్గిందన్న ధైర్యంతో ఒక్కబిగిన ఎక్కితే రాత్రికి మోకాలు వాస్తుంది, అందుకే వారం ముందు నుంచి ఇంటి మెట్లు ఎక్కించి చూడండి. మోకాలికి బరువు ఎక్కువ పడేది దిగేటప్పుడు. దిగడానికి బస్సు ఎక్కించండి.