ఫుట్‌బాల్ క్లబ్‌కి తాబేలు మస్కట్ వేషం వేయాలి, ఈ ఉక్కపోతలో ఎలా తట్టుకోవాలి?

ఎంవీపీ కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా పేటలో ఆడుకునేవాళ్లం కలిసి పెట్టుకున్న చిన్న ఫుట్‌బాల్ క్లబ్ మాది. మోకాలికి దెబ్బ తగిలిన దగ్గర్నుంచి రెండేళ్లుగా నేను ఆడటం లేదు, గ్రౌండ్‌కి మాత్రం రోజూ వెళ్తాను. ఈ వేసవి టోర్నమెంటుకి మస్కట్, అంటే జట్టు గుర్తుగా బొమ్మ వేషంలో తిరిగే మనిషి, ఉండాలనుకున్నారు. మన విశాఖ ఆర్కే బీచ్‌కి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలైతే మన ఊరిదని ఎవరికైనా తెలుస్తుందని నేనే చెప్పాను, దాంతో వేసుకునేది కూడా నువ్వే అని తేల్చేశారు. నాకు ఇష్టమే. ఆడలేకపోయినా మళ్లీ మనవాళ్లతో గ్రౌండ్‌లో ఉన్నట్టుంటుంది.

కానీ మొన్న సాయంత్రం నాలుగింటికి మేడ మీద సూట్ వేసుకుని చూస్తే పది నిమిషాలకే కళ్లు బైర్లు కమ్మాయి. నోటి దగ్గర ఉన్న జాలీలోంచే చూడాలి, కాళ్ల దగ్గర ఏముందో కనిపించదు. మ్యాచ్ అంటే 90 నిమిషాలు. ఇంట్లో అమ్మ కూడా "డిగ్రీ చదివి వేషాలేస్తావేట్రా" అని రెండు రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గాజువాక గోలీ:
తమ్ముడూ, నేను రెండు సీజన్లు పులి సూట్ వేశాను. 90 నిమిషాలూ ఉండాలన్న ఆలోచన ముందు మానెయ్. టీములు వచ్చేటప్పుడు ఓ పదిహేను నిమిషాలు, హాఫ్ టైమ్‌లో పది, మ్యాచ్ అయ్యాక పిల్లలతో ఫొటోలకి కాసేపు, అంతే. మన దగ్గర ఎండ ఒక్కటే కాదు, గాలిలో తేమ ఉంటుంది కదా, బయటే చెమట ఆరదు, ఇంక సూట్ లోపల ఎక్కడ ఆరుతుంది? చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మొదటి మ్యాచ్‌కి నేను నీళ్లు సరిగ్గా తాగకుండా వెళ్లి గోల్‌పోస్ట్ వెనకాలే కూలబడిపోయాను, చూసేవాళ్లంతా అదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు లోపలికి వినిపిస్తుంటే ఎంత భయమేసిందో ఇప్పటికీ గుర్తుంది.

అందుకే పక్కన ఒక మనిషి ఉండాలి, ఇది మాత్రం వదలకు. సూట్‌లో ఉన్నంతసేపూ నీ కళ్లు, కాళ్లు ఆ మనిషే. ముందే సైగ అనుకోండి. మేం తల మీద రెండుసార్లు చెయ్యి వేస్తే బయటికి తీసుకుపొమ్మని అర్థం. పిల్లల ముందు తల తీయకూడదన్న మాట నిజమే కానీ కళ్లు తిరిగితే ఎవరున్నా సరే అక్కడికక్కడే తీసెయ్. వేసుకోక ముందు నుంచే మజ్జిగో ఓఆర్ఎస్సో తాగుతుండు. నుదుటికి నూలు గుడ్డ కట్టుకో, చెమట కళ్లలోకి దిగితే ఆ చేతులతో తుడుచుకోలేవు. తలలో చిన్న ఫ్యాన్ పెట్టేటట్టయితే పైన వేడి పోవడానికి కంత ఉండాలి, లేకపోతే అదే వేడిగాలి ముఖాన కొడుతుంది. విప్పగానే లోపలి గుడ్డ ఉతికి, స్పాంజిని రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టాలి, ఇక్కడ అది ఒక పట్టాన ఆరదు. ఆ మోకాలితో గెంతులు మాత్రం వద్దు.

బుట్టబొమ్మల ఇంటివాడు:
మా తాతయ్య జాతరల్లో బుట్టబొమ్మ మోసేవారు. వెదురు బుట్ట బరువంతా భుజాల మీదే పడితే మెడ పట్టేస్తుందని లోపల నడుముకి కూడా గుడ్డ పట్టీ కట్టుకునేవారు. నీ డిప్పకి కూడా అలా పట్టీ కుట్టించి చూడు, మోకాలికీ మంచిదే. ఇక అమ్మగారి మాట. తాతయ్య బొమ్మలోకి దూరే ముందు దానికి దణ్ణం పెట్టుకునేవారు, ఊళ్లో ఆయన్ని ఎవరూ తక్కువ చేసి చూడలేదు. మన దగ్గర వేషం కట్టడం చిన్న పనేం కాదు, అమ్మని ఒకసారి మ్యాచ్‌కి తీసుకురా.

రిఫరీ అన్న:
టచ్‌లైన్‌కి, అదే గ్రౌండ్ పక్క గీతకి, దూరంగా ఉండు, ఆట నడుస్తుండగా లైన్స్‌మన్ పరిగెత్తే దారిలోకి అసలు రావద్దు. బ్రిటన్‌లోని వేల్స్‌లో స్వాన్సీ క్లబ్ హంస మస్కట్ సిరిల్ గ్రౌండ్‌లోకి వచ్చిందని జరిమానా కూడా వేశారు. పై తమ్ముడు గౌరవం గురించి చెప్పాడు కాబట్టి ఇదీ చెప్తాను. లండన్ క్లబ్ ఆర్సెనల్‌కి గన్నర్‌సారస్ అని డైనోసార్ మస్కట్ ఉంది, 2020లో కరోనా వల్ల స్టేడియాలు ఖాళీగా ఉంటే పాతికేళ్లకు పైగా ఆ సూట్‌లో ఉన్నాయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. అభిమానులు ఎంత బాధపడ్డారంటే, ఆ జట్టు ఆటగాడు ఓజిల్ ఆయన జీతం తానిస్తానని ముందుకొచ్చాడు. అమ్మకి ఈ సంగతి చెప్పు.

బీచ్ టీచర్:
బాబూ, మా స్కూలు పిల్లల్ని ఏటా తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే చోటికి తీసుకెళ్తాను. రెండు మాటలు. సముద్రపు తాబేలు తలని డిప్పలోకి లాక్కోలేదు, అది చెరువు తాబేలు చేసే పని, కాబట్టి ఆ ఆట పెట్టకు, మా పిల్లలు వెంటనే పట్టేస్తారు. ఆలివ్ రిడ్లీ ఇసుకలో ఒక పక్క రెక్క వేశాక రెండో పక్కది వేస్తూ నడుస్తుంది, నువ్వు కూడా అలా ఊగుతూ నడిస్తే చాలు, గెంతక్కర్లేదు. మూడేళ్ల లోపు పిల్లలు భయపడతారు, వాళ్ల దగ్గరికి నువ్వు వెళ్లకు. కింద కూర్చుని పక్కకి తిరిగి ఉండు, వాళ్లే వస్తారు.

ఎంవీపీ కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్. నిన్న మొదటి మ్యాచ్ అయింది, మనవాళ్లు 1-2తో ఓడిపోయారు. పదిహేను నిమిషాల లెక్కే పాటించాను, పక్కన మా పిన్ని కొడుకు ఉన్నాడు, రెండుసార్లు తల మీద చెయ్యి వేశాను, రెండుసార్లూ వెంటనే తీసుకుపోయాడు. నడుము పట్టీతో మోకాలు నొప్పి రాలేదు. టీచర్ గారూ, మీరు చెప్పినట్టే గడ్డి మీద పక్కకి తిరిగి కూర్చున్నాను. చాలాసేపు ఎవరూ రాలేదు, తర్వాత జాలీలోంచి చూస్తే ఒక చిన్న చెయ్యి, అందులో సగం కొరికిన బిస్కెట్. తాబేలు నోట్లో పెట్టడానికి ట్రై చేస్తోంది ఆ పాప. జాలీకి ఇరుక్కున్న ముక్క ఇంకా తీయలేదు.

అమ్మ రాలేదు. కానీ రాత్రి లోపలి గుడ్డ నేను ఉతుకుతుంటే వచ్చి తీసుకుని, ఇలా కాదు సర్ఫ్‌లో నానబెట్టాలని తనే బకెట్లో వేసింది.