బరువులు లాగే గుర్రాల్లో తగ్గని కాళ్ల వాపు, చర్మ సమస్యలు: మీ అనుభవాలు చెప్పగలరు

యార్క్‌షైర్_తెలుగు:
ఇంగ్లండ్‌లో నేను పనిచేస్తున్న గుర్రపుశాలలో ఒక షైర్ గుర్రానికి వెనుక కాళ్లు రెండూ కింది భాగంలో బాగా లావెక్కాయి. గిట్ట వెనుక చర్మం మడతలు పడి గట్టిపడింది, ఆ మడతల్లో వేలు పెట్టి చూస్తే జిడ్డు, పక్కులు, దుర్వాసన ఉన్నాయి. రాత్రిపూట అది కాలితో నేలను తన్నుతూనే ఉంటుంది. పశువైద్యులు పరీక్షించి, ఇది క్రానిక్ ప్రోగ్రెసివ్ లింఫెడీమా అని, పూర్తిగా నయం కాదు గాని అదుపులో ఉంచుకోవచ్చని చెప్పారు. రోజువారీ సంరక్షణలో ఏది నిజంగా పనిచేసిందో అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయండి.

పశువైద్యురాలు_కెంట్:
షైర్, క్లైడ్స్‌డేల్, బెల్జియన్ జాతుల్లో కనిపించే ఈ వ్యాధిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2003లో వివరంగా నమోదు చేశారు. కాళ్ల నుంచి లింఫ్ ద్రవాన్ని పైకి చేర్చే నాళాలు సరిగా పనిచేయకపోవడం వల్ల ద్రవం కిందనే నిలిచిపోతుంది, క్రమంగా చర్మం మందమై, మడతలు, గడ్డలు ఏర్పడతాయి. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు ఉన్నవారిని చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ కారణం దోమ ద్వారా వచ్చే ఫైలేరియా పురుగు, ఇక్కడ ఆ పురుగు లేదు. అయినా కాలిని శుభ్రంగా కడిగి, మడతల్లో తడి లేకుండా ఆరబెట్టి, కదిలిస్తూ ఉండాలన్న జాగ్రత్త రెండింటికీ ఒకటే.

మీ గుర్రం నేలను తన్నుతోందంటే ముందుగా కోరియాప్టిస్ అనే గజ్జి పురుగును అనుమానించాలి. కాళ్లను కప్పే పొడవైన వెంట్రుకల కింద అది సుఖంగా బతుకుతుంది. చర్మం పైపొరల మీద రాలిన పొట్టును తినే పురుగు కావడంతో, నోటి ద్వారా ఇచ్చే మందులు దానిపై అంతగా పనిచేయవు, పైపూతే ముఖ్యం. ఆ పూత చర్మానికి చేరాలంటే వెంట్రుకలను పూర్తిగా కత్తిరించక తప్పదు. ప్రదర్శనలకు తీసుకువెళ్లే యజమానులు ఇందుకు ఇష్టపడరని నాకు తెలుసు, కానీ గుర్రం పడే బాధ ముందు ఆ అందానికి విలువ ఇవ్వలేను. ఒక్క గుర్రానికే చికిత్స చేస్తే పురుగు పక్క గుర్రం నుంచి తిరిగి వస్తుంది, కాబట్టి కలిసి ఉండే గుర్రాలన్నింటికీ ఒకేసారి చేయించి, కింద పరిచిన గడ్డిని మొత్తం మార్చండి.

క్లైడ్_గ్లాస్గో:
మా క్లైడ్స్‌డేల్‌కు వైద్యుల సలహాపై గంధకం వాడుతున్నాము. మామిడి, మిరప తోటల్లో బూడిద తెగులుకు రైతులు పిచికారీ చేసే నీటిలో కరిగే గంధకపు పొడినే మినరల్ ఆయిల్‌లో కలిపి, చేతి తొడుగులు వేసుకుని, మడత మడత విప్పి పూస్తాము. పక్కులు మెత్తబడి వాటంతట అవే ఊడుతాయి. బలవంతంగా గీకితే నెత్తురు వచ్చి, ఆ పుండులోకి సూక్ష్మక్రిములు చేరతాయి. కడిగిన ప్రతిసారీ తువ్వాలుతో అద్ది, తర్వాత చల్లగాలి వచ్చే డ్రయ్యర్‌తో మడతల లోపలి దాకా ఆరబెడతాము. తడి కాళ్లతో గుర్రాన్ని శాలలోకి పంపడం కంటే కడగకుండా ఉండటమే మేలు.

గెంట్_నుంచి:
బెల్జియంలో ఈ గుర్రాలను పెంచేవారి దగ్గర పనిచేస్తున్నందువల్ల కట్ల గురించి చెప్పగలను. మొదట చేతితో నెమ్మదిగా మర్దన చేసి ద్రవాన్ని పైకి నడిపిస్తారు, ఆ వెంటనే మెత్తని పొర చుట్టి, దానిపై తక్కువగా సాగే బ్యాండేజీ కడతారు. బాగా సాగే మామూలు బ్యాండేజీ గుర్రం నిలబడి ఉన్నప్పుడు కూడా కాలిని నొక్కుతూనే ఉంటుంది. తక్కువగా సాగేది అలా కాకుండా, నడిచేటప్పుడు మాత్రమే గట్టిగా నొక్కి ద్రవాన్ని తోస్తుంది. అందుకే కట్టు కట్టాక గుర్రాన్ని నడిపించాలి. మోకాలి కింద గుర్రానికి కండరాలు లేవు, కీళ్ల కదలికే అక్కడి ద్రవాన్ని పైకి పంపుతుంది. మడతలు లోతుగా ఉన్నచోట దూదితో పూడ్చకుండా కడితే ఒరుసుకుని పుండ్లు పడతాయి కనుక, నేర్చుకున్నవారి దగ్గర చూసిన తర్వాతే మొదలుపెట్టండి.

జట్కా_మనవడు:
హైదరాబాద్‌లో పెళ్లిళ్ల గుర్రాల్లోనూ కాళ్ల వాపులు చూస్తున్నాను. ఇది కూడా ఆ వ్యాధేనా?

పశువైద్యురాలు_కెంట్:
మన దగ్గరి తేలికపాటి గుర్రాల్లో ఈ వ్యాధిని అనుకోవడం తొందరపాటు. ఎక్కువ సేపు కట్టేసి ఉంచడం, గాయాలు, సూక్ష్మక్రిముల వల్ల వాపు రావచ్చు. అయితే కాలి వెంట వరుసగా గడ్డలు లేచి, పగిలి జిగట చీము కారుతుంటే గ్లాండర్స్ అయి ఉండవచ్చు. అది మనుషులకు కూడా సోకే ప్రాణాంతక వ్యాధి, చట్టప్రకారం తెలియజేయవలసినది. గుర్రాన్ని వేరుగా కట్టి, తాకకుండా, ప్రభుత్వ పశువైద్యశాలకు వెంటనే చెప్పండి. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో దీనికి రక్తపరీక్ష చేస్తారు.

యార్క్‌షైర్_తెలుగు:
అందరికీ కృతజ్ఞతలు. వాపు తగ్గడానికి మూత్రం ఎక్కువ అయ్యే మందులు ఇవ్వవచ్చా? ఈ గుర్రాన్ని సంతానానికి వాడవచ్చా అని కూడా యజమాని అడుగుతున్నారు.

పశువైద్యురాలు_కెంట్:
ఆ మందులు నీటిని తీయగలవు గాని, చర్మంలో చేరిన మాంసకృత్తులు అక్కడే ఉండిపోతాయి కాబట్టి వాటితో ప్రయోజనం లేదు. సంతానం విషయంలో నా సలహా వద్దనే. చిన్న వయసులోనే మొదలై జీవితమంతా పెరిగే ఈ వ్యాధికి వంశపారంపర్య కారణం ఉందని నిపుణులు భావిస్తున్నారు. మగ గుర్రాన్ని ఎంచుకునేటప్పుడు వెంట్రుకల మీద నుంచి చూసి సరిపెట్టుకోకుండా, కింద చర్మాన్ని చేత్తో తడిమి చూడమని మీ యజమానికి చెప్పండి. ఎప్పుడైనా ఒక కాలు హఠాత్తుగా వేడెక్కి, ఉబ్బి, గుర్రం అడుగు మోపలేకపోతే అది కొత్తగా సోకిన ఇన్ఫెక్షన్; ఆ రోజే వైద్యుని పిలవండి, అప్పటిదాకా కట్టు కట్టవద్దు.

క్లైడ్_గ్లాస్గో:
గిట్టల విషయం కూడా మరచిపోవద్దు. ఈ గుర్రాల గిట్టలు పెళుసుగా ఉండి, అడుగున కుళ్లు త్వరగా పడుతుంది. లాడాలు కొట్టేవారిని క్రమం తప్పకుండా రప్పించండి. మడతలు గిట్ట మీదికి వేలాడుతున్న కాలిని ఎక్కువసేపు పైకి ఎత్తి పట్టుకుంటే గుర్రానికి నొప్పి, కాబట్టి తక్కువ ఎత్తులో పట్టుకుని, మధ్యమధ్య దించి పని చేయమని వారికి ముందే చెప్పండి.